జూలియా మార్గరెట్ కామెరాన్ స్త్రీల ఛాయాచిత్రాలు: కూర్పు, వెలుగు, పేరు

వ్యాససంగ్రహం:
జూలియా మార్గరెట్ కామెరాన్ (1815-1879) తీసిన స్త్రీల ఛాయాచిత్రాలలో ముఖంపై వెలుగు పడే తీరుకూ, చిత్రానికి పెట్టిన శీర్షికకూ గల సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1867 నాటి జూలియా జాక్సన్ చిత్రం ఇందుకు ప్రధాన ఆధారం.

కీలకపదాలు: ఛాయాచిత్రకళ, కామెరాన్, స్త్రీ చిత్రణ, కూర్పు, వెలుగునీడలు.

1. ఉపోద్ఘాతం:
కలకత్తాలో జన్మించిన కామెరాన్ 48 ఏళ్ల వయసులో, 1863 డిసెంబరులో, కుమార్తె కానుకగా ఇచ్చిన కెమెరాతో ఛాయాచిత్రకళలో ప్రవేశించింది. ఇంగ్లండులోని వైట్ ద్వీపంలో, ఫ్రెష్‌వాటర్‌లోని తన ఇంట బొగ్గులకొట్టును చీకటిగదిగానూ, అద్దాలు బిగించిన కోళ్లగూడును స్టూడియోగానూ మార్చుకుంది. ఆనాటి వృత్తి స్టూడియోలు సాధారణంగా కుర్చీ, తెర, స్తంభాల నడుమ మనిషిని నిలువెత్తున నిలిపి, అంతటా సమానంగా వెలుగు పరచేవి. కామెరాన్ ఆ సామగ్రిని విడిచి, చట్రం నిండుగా ముఖాన్నే నిలిపింది.

2. మసక: లోపమా, ఎంపికా?
తడి కొలోడియన్ పలక నీలికాంతికి త్వరగా స్పందిస్తుంది. ఎరుపు, పసుపు వన్నెలకు దాదాపు స్పందించదు. కామెరాన్ పెద్ద పలకలు వాడి, వెలుగును తెరలతో తగ్గించినందువల్ల, పలకను నిమిషాల తరబడి తెరచి ఉంచవలసి వచ్చేది. కూర్చున్నవారి స్వల్ప చలనం కూడా అంచులను మెత్తబరిచేది. సమకాలిక విమర్శకులు కొందరు దీనిని చేతకానితనంగా ఎంచారు. తన కంటికి అందంగా తోచిన చోట కటకాన్ని నిలిపివేశానని 1874లో రాసిన జ్ఞాపకాలలో ఆమె చెప్పుకుంది. సాంకేతిక పరిమితి ఆమె చేతిలో ఎంపికగా మారిందనడానికి ఇది ఆధారం.

3. పేరు గలవారు, పాత్ర గలవారు:
1867లో తీసిన కార్లైల్, హెర్షెల్ చిత్రాలలో వెలుగు ముడతలనూ, చెదరిన జుట్టునూ పట్టిచూపుతుంది. శీర్షిక వారి పేరే. స్త్రీల చిత్రాలలో తరచుగా వాలిన కనులు, విరబోసిన జుట్టు, మెత్తని వెలుగు కనిపిస్తాయి. శీర్షికలు పురాణ, కావ్య, బైబిలు పాత్రలవి. ఇంటి పరిచారిక మేరీ హిలియర్ కన్య మరియగా ఎన్నిసార్లు కూర్చున్నదంటే, స్థానికులు ఆమెను 'మేరీ మడోన్నా' అనే పిలిచారు. ముఖం దక్కింది, పేరు పాత్రలో కలిసిపోయింది.

4. జూలియా జాక్సన్:
ఈ రీతికి జూలియా జాక్సన్ చిత్రం అపవాదం. వివాహానికి ముందు, 21 ఏళ్ల వయసులో, ఆమె కటకాన్ని సూటిగా చూస్తుంది. ముఖంలో ఒక సగం వెలుగులో, మరొక సగం నీడలో ఉంటాయి. పూలు లేవు, పాత్ర లేదు. కార్లైల్‌కు దక్కిన కఠినమైన వెలుగే ఇక్కడా ఉంది. శీర్షిక ఆమె పేరే. ఆమె కామెరాన్‌కు సోదరి కుమార్తె కనుక పేరు దక్కిందనవచ్చు. కాని కామెరాన్ సోదరి ఇంట పెరిగిన మే ప్రిన్సెప్ 1866లో బియాట్రిచేగా మారింది. కనుక బంధుత్వం ఒక్కటే సమాధానం కాదు. పాత్ర తొలగిన చోట కామెరాన్ వెలుగు ముఖాన్ని అలంకరించడం మాని, పరిశీలించడం ఆరంభించింది.

5. ముగింపు:
కామెరాన్ మసకను స్త్రీసహజమైన సౌకుమార్యంగా వ్యాఖ్యానించడం ఆమె కళను కుదించడమే. ఆమె కఠినమైన వెలుగునూ ఎరుగును. దానిని స్త్రీలకు అరుదుగా ఇచ్చింది. పందొమ్మిదవ శతాబ్దపు స్త్రీల ఛాయాచిత్రాలను చదివేటప్పుడు వెలుగు ఎటునుండి వచ్చిందన్న ప్రశ్నతోపాటు, చిత్రం కింద ఎవరి పేరు ఉన్నదన్న ప్రశ్న కూడా వేయవలసి ఉంటుంది.