నీళ్ళు పోసేది ఎవరు?

చిక్కబళ్ళాపురం జిల్లా దిబ్బూరహళ్ళి వైపు ముసలావిడ మంచాన పడితే నీళ్ళు పోసేది కూతురో కోడలో. ఎవరు పోయాలన్న మాటే ఇంట్లో రాదు. పిల్లలు బెంగళూరు చేరి అవ్వను వృద్ధాశ్రమంలో ఉంచాక, ఆ పని జీతానికి వచ్చిన మనిషి చేతికి పోతుంది. ఆ జిల్లా ఏర్పడిన 2007లోనే పెద్దల సంరక్షణ చట్టమూ వచ్చింది. జిల్లాకు కనీసం ఒకటి, 150 మందికి చోటుండేలా వృద్ధాశ్రమాలు పెట్టవచ్చని అందులో ఉంది. చోటు సంగతి సరే, ఒంటిమీద ఎవరి చెయ్యి పడాలో అవ్వను అడిగేదెవరు?

ఈ పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే: చీర మీద చెయ్యి వేయకముందు అడగండి. "అవ్వా, నేను పోయనా, ఇంకెవరినైనా పిలవనా?" ఆమె సరేనన్నాక గోరువెచ్చని నీళ్ళు ముందు పాదాల మీద పోయాలి. ఒంటిమీద తువ్వాలు కప్పే ఉండాలి, కడిగే చోటు మటుకే తీయాలి. మగమనిషి వద్దని ఆమె అంటే అది మొండితనం కాదు. ఆడమనిషి డ్యూటీకి వచ్చేదాకా ముఖం, కాళ్ళూచేతులూ తుడిస్తే ఆ పూట గడుస్తుంది.

భాషా అంతే. ఇదే జిల్లాలోని బాగేపల్లి, చింతామణి పల్లెల్లో బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. మతిమరుపు జబ్బు ముదిరితే కొందరికి తర్వాత నేర్చిన భాషే ముందు జారిపోతుంది. నొప్పి ఎక్కడో తెలుగులోనే చెప్పగలిగే అవ్వకు తెలుగు వచ్చిన మనిషిని ఇవ్వడం వైద్యంలో భాగమే.

మరి "ఆ కులం పిల్ల నన్ను ముట్టుకోకూడదు" అంటే? అక్కడ నేను ఒప్పుకోను. అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలో ఒక ఆశ్రమం ఇలాంటి కోరికకే తలవంచింది. నల్లజాతి సహాయకులు వద్దన్న ఒకావిడ మాటను డ్యూటీ కాగితంలో రాసి ఇచ్చేది. ఆవిడ ఒకసారి నేలమీద పడి లేవలేకపోతే, చూసిన నల్లజాతి సహాయకురాలు చెయ్యందించలేక, తెల్లవాళ్ళ కోసం భవనమంతా వెతకాల్సి వచ్చింది. 2010లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ పద్ధతి చట్టవిరుద్ధమంది. ఆడా మగా అన్నది ఒంటి మరుగుకు సంబంధించిందనీ, జాతికి అది వర్తించదనీ తేల్చింది. మనకైతే అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 17వ అధికరణమే ఉంది.

ఆశ్రమంలో చేర్చుకునే రోజే ఇంటివాళ్ళకు ఈ తేడా, అంటే ఆడమనిషి కావాలన్నా తెలుగు మనిషి కావాలన్నా వింటామనీ, కులం చూసి వద్దంటే విననూ విననమనీ చెప్పి కాగితం మీద రాయించాలి. అప్పటికీ అవ్వ కులం మాట ఎత్తితే, మాట పడిన పిల్లను పక్క గదికి మార్చడం సులువు, కానీ ఆ పని చేయొద్దు. పెద్ద నర్సు తనే ఆ పిల్లతో లోపలికి వెళ్ళి, "ఈ పిల్లే పోస్తుంది అవ్వా, నేనూ ఇక్కడే ఉంటాను" అనాలి. అవ్వ అప్పటికీ వద్దంటే బలవంతంగా పోయకూడదు. మర్నాడు ఆ పిల్లే మళ్ళీ వెళ్ళి అడగాలి.