ఇంజన్‌ను మోసే పలక

విశాఖపట్నం పెదజాలారిపేట ఇసుక మీదకు లాగి పెట్టిన ఫైబర్ పడవలను వెనక నుంచి చూడాలి. అలను చీల్చే ముందు భాగం మీదే అందరి కళ్లూ పడతాయి కానీ, ఇంజన్‌ను బిగించేది వెనక పలకకే. పడవలు కట్టేవారు దాన్ని ట్రాన్సమ్ అంటారు. పాతకాలపు తెప్పలకు, కొబ్బరి పీచు తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవలకు ఇంత గట్టి పలకతో పని లేదు. తెడ్డూ తెరచాపే వాటిని నడిపేవి. ఇంజన్ వచ్చాక భారమంతా ఈ పలక మీద పడింది.

ఆ భారం పడే తీరు తెలిస్తే పలక కట్టుబడి అర్థమవుతుంది. ప్రొపెల్లర్ నీటి అడుగున ముందుకు తోస్తుంటే, ఇంజన్ పైన పలకను పట్టుకుని ఉంటుంది. కాబట్టి బ్రాకెట్ కింది అంచు పలకను లోపలికి నొక్కుతుంది, పై బోల్టుల మీద వెనక్కి లాగుడు పడుతుంది. ఈ రెండింటినీ తట్టుకోవడానికే బయట ఒక గాజునార పొర, లోపల ఒకటి, మధ్యలో చెక్క పెడతారు. లాగుడును మోసేది గాజు. ఆ రెండు పొరలనూ ఎడంగా నిలబెట్టి, బోల్టు బిగింపుకు నలగకుండా కాసేది చెక్క.

గాజునార కుళ్లదు, లోపలి చెక్క కుళ్లుతుంది. బోల్టు రంధ్రం నుంచో, పై అంచు పగులు నుంచో నీరు చేరినా పైకి ఏమీ కనబడదు. అందుకే పనివాడు సుత్తి పిడితో తట్టి వింటాడు, కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టే. గట్టిగా ఉన్న చోట ఖంగుమంటుంది, కుళ్లిన చోట మొద్దుగా పలుకుతుంది. బయటి పొరను అలాగే ఉంచి, లోపలి పొరను కోసి, నల్లబడిన చెక్కనంతా చెక్కి తీసి బాగా ఆరబెడతాడు. ఆ ఖాళీలో ఏం పెట్టాలన్నదే అసలు ప్రశ్న.

టేకు అని ఎవరికైనా తోస్తుంది. కానీ టేకులో సహజంగా ఉండే నూనె వల్ల, గాజునారను అంటించే రెజిన్ దాన్ని గట్టిగా పట్టుకోదు. పైగా ఏ చెక్కయినా తడికి అడ్డంగా ఉబ్బుతుంది, పోగుల పొడవునా ఉన్న బలం అడ్డంగా ఉండదు. ప్లైవుడ్‌లో ఒక పొర పోగులు నిలువుగా ఉంటే మరో పొరవి అడ్డంగా ఉంటాయి, ఒకదాని లోపాన్ని ఇంకొకటి కాస్తుంది. దుకాణంలో చూడాల్సింది ఐఎస్ 710 ముద్ర. ఆ రకం ముక్కను 72 గంటలు మరిగే నీటిలో ఉంచినా పొరలు విడిపోకూడదని ప్రమాణం. అయితే ఆ పరీక్ష జిగురుకే. నీరు నిలిస్తే మెరైన్ ప్లైవుడ్ కూడా కుళ్లుతుంది, ముఖ్యంగా కోసిన అంచులు నీటిని పీల్చేస్తాయి. అందుకే మంచి పనివాడు ముక్కలు కోయగానే అంచులకు పల్చని రెజిన్ తాగిస్తాడు. ఒకే దళసరి షీటు కాకుండా 12 మిల్లీమీటర్ల షీట్లు మూడు తీసుకుని, మధ్యలో రెజిన్‌తో తడిపిన గాజునార మ్యాట్ వేసి అంటిస్తే పలక వంపుకు చక్కగా ఒదుగుతాయి. ఇంజన్ క్లాంపు ఎంత తెరుచుకుంటుందో ముందే కొలుచుకోవాలి, మందం మించితే క్లాంపు పట్టదు.

ఎపాక్సీయా, పాలిస్టరా అన్న రెజిన్ ఎంపిక ఇంతకన్నా సున్నితమైనది. పాత ఫైబర్ ఎప్పుడో గట్టిపడిపోయింది, కొత్త రెజిన్ దానితో రసాయనికంగా దాదాపు కలవదు, గరుకుదనాన్ని పట్టుకుని నిలుస్తుందంతే. ఆ పట్టు ఎపాక్సీకి ఎక్కువ. కానీ మామూలు మ్యాట్‌లో పోగులను కలిపి ఉంచే బైండర్ పాలిస్టర్‌లోని స్టైరీన్‌కు కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ లేదు కాబట్టి ఆ మ్యాట్ బిరుసుగానే ఉండిపోతుంది, కుట్టిన గాజు బట్ట కొనుక్కోవాలి. ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగా అంటుకోదు కూడా. రేపు ఈ పడవకు ఒడ్డున వేసే అతుకు పాలిస్టర్‌దే అవుతుంది. అందువల్ల మన తీరపు పడవకు నీటిని బాగా ఓర్చుకునే ఐసోఫ్తాలిక్ పాలిస్టరే పొరలన్నిటికీ వాడటం సరైనదని నా అభిప్రాయం. తక్కువ పట్టును వెడల్పుతో పూడ్చుకోవచ్చు. పాత పొర 5 మిల్లీమీటర్లుంటే దాని అంచును 60 మిల్లీమీటర్ల వాలుగా గ్రైండ్ చేసి, కొత్త పొరలను ఆ వాలు మీదికి ఎక్కించాలి. చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్, 600 గ్రాముల నేత రోవింగ్ ఒకదాని తర్వాత ఒకటి వేయాలి. రోవింగ్ మీద రోవింగ్ వేస్తే పొరలు ఊడతాయి.

తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. పడవ తీరిగ్గా ఒడ్డునుండే ఆ కాలంలోనే ఎండ మండిపోతుంది, రెజిన్ డబ్బాలోనే గడ్డకడుతుంది. తెల్లవారుజామునే కొద్దికొద్దిగా కలపాలి, పొరలన్నీ ఒకేసారి వేస్తే లోపలి వేడికి పగుళ్లు వస్తాయి. గట్టిపడటాన్ని వేగపరిచే కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపాకే హార్డనర్ పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలతాయి.

ఉక్కు నగరంలో ఇనుముకు కొదవ లేదు కానీ, ఈ పలకకు కావాల్సింది 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టు. అందులో 2 నుంచి 3 శాతం ఉండే మాలిబ్డినం ఉప్పునీటిని నిలువరిస్తుంది. అదైనా గాలి తగలని తడి చెక్కలో గుంటలు పడి తుప్పుపడుతుంది. కాబట్టి రంధ్రాన్ని కావాల్సిన దానికన్నా పెద్దగా తొలిచి, చిక్కటి ఎపాక్సీ ముద్దతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో అసలు రంధ్రం వేస్తారు. గట్టిపడిన పాలిస్టర్ మీద ఎపాక్సీ అంటుకుంటుంది, తిరగేస్తేనే చిక్కు. ఇప్పుడు బోల్టు చుట్టూ చెక్క తగలదు, నీరు చేరినా చెక్కలోకి దారి దొరకదు. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఉపాయం ఇదే.

పడవ ఉన్నవారు వచ్చే నిషేధ కాలంలో ఇంజన్ దించినప్పుడు కింది బోల్టు ఒకటి విప్పి చూడండి. రంధ్రంలోంచి గోధుమరంగు నీరు కారితే, రంగు వేయడం ఆపి పలక విప్పించండి.