జనగేయము - చరిత్ర సాక్ష్యము: ఉద్దాన ప్రాంత పరిశీలన

జనగేయములందు తేదీలను వెదకి, అవి కానరాకున్న నిరాశ చెందు పరిశోధకులు కలరు. ఇది పాట లోపము కాదు; పరిశీలనా లోపము. ప్రతి చారిత్రక గేయమునకును కథాకాలము, గానకాలము అని రెండు కాలములు కలవు.

1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగినది. ఏప్రిల్ 1న మందసా జమీందారీలో అడవి హక్కులకై సాగిన పోరాటమున, గుడారి రాజమణిపురము వద్ద పోలీసు కాల్పులలో వీరగున్నమ్మ, మఱికొందరు మరణించిరి. ఇంతవఱకు దస్తావేజులు చెప్పును.

1948 నాటి చట్టముతో జమీందారీలు రద్దైనను భూసమస్య తీరలేదు. 1960లలో బొడ్డపాడు కవి సుబ్బారావు పాణిగ్రాహి, జముకు నాదమున కథలు వినుటకు అలవడిన పల్లెకు రైతుకథను జముకులకథగా వినిపించెను. 1969 డిసెంబరులో ఆయన పోలీసుల చేతిలో మరణించెను. ఆయన యెన్నుకొనిన ప్రక్రియయే సాక్ష్యము: చదువురానివారికి రాజకీయము ఏ త్రోవను చేరినదో అది తెలుపును. ఆ దినములలో ఎవరైన 1940 నాటి కథను పాడినచో, అది 1940నకంటె 1960లకే మిన్నయైన సాక్ష్యము.

అట్టి పాటలందు పక్షపాతము కలదని ఆక్షేపింపవచ్చును. మృతుల లెక్కకు పాట ప్రమాణము కాదు, నిజమే. కాని ఎవరు ఎవరి పక్షమున నిలిచిరో తెలుపునది ఆ పక్షపాతమే. కావున బోధకుడు పాటను వినిపించి మూడు ప్రశ్నలు వేయవలెను: కథ ఎప్పటిది? పాట ఎప్పటిది? విన్నవారెవరు?