వచ్చింది ఎవరు?

అక్క వచ్చింది. బర్రె వచ్చింది. బస్సు వచ్చింది. అన్న మాత్రం వచ్చిండు. గద్వాలలో అడిగినా, కృష్ణ దాటి వనపర్తి, నాగర్‌కర్నూలు దిక్కు పోయినా లెక్క ఇదే. తెలుగు ఆడవాళ్లను పశువుల్లో, వస్తువుల్లో కలిపేసిందన్న విమర్శ ఇక్కడినుంచే మొదలవుతుంది.

1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయ సూరి మగవాళ్లను ‘మహత్తు’లన్నాడు. ఆడవాళ్లు, జంతువులు, జడపదార్థాలు ఆ గీతకు అవతల. మహత్తు అంటే గొప్పది కాబట్టి ఆ పేరు చూస్తే ఇవాళ కోపం రావడం సహజం. కానీ అక్కడే ఆగిపోయే విమర్శతో నాకు పేచీ ఉంది.

గద్వాల నుంచి పడమరకు పోతే రాయచూరు. అక్కడి కన్నడంలో అతను ‘బందను’, ఆమె ‘బందళు’, బస్సు ‘బంతు’. ఆడమనిషికి సొంత క్రియారూపం ఉంది. అంతమాత్రాన అక్కడి పత్తిచేన్లలో ఆడకూలి, మగకూలి సమానమైపోయాయా? ఉర్దూలో కుర్సీ స్త్రీలింగం, దర్వాజా పుంలింగం. రెండు మాటలూ తెచ్చుకున్నాం, వాటి లింగాలను అక్కడే వదిలేశాం. మనకేం నష్టం రాలేదు.

తెలుగులో అసలు చిక్కు బహువచనంలో ఉంది. బర్రెలు రెండు, ఆడోళ్లు ఇద్దరు. బర్రెలు వచ్చినయి, ఆడోళ్లు వచ్చిన్రు. అంటే ఆమె మనిషని భాషకు తెలుసు. ఒక్కతే ఉన్నప్పుడు మాత్రం ఆ ‘రు’ దక్కాలంటే గౌరవం కావాలి. గద్వాల సంస్థానం చివరి పాలకురాలు ఆదిలక్ష్మీదేవమ్మ గురించి రాస్తే ‘వచ్చారు’ అంటాం. కోటలో ఊడ్చే మనిషి ‘వచ్చింది’. అదే కోటలో గుర్రాలు కడిగేవాడికి గౌరవం లేకపోయినా ‘వచ్చాడు’ ఉంటుంది. మగవాడికి పుట్టుకతో వచ్చిన మనిషి క్రియ, ఆడమనిషికి హోదాతో వస్తోంది.

అందుకే పాలమూరు కథ ఏది చదివినా నేను కథకుడి గొంతును పట్టి చూస్తాను. పాత్రలు “అది ఏడికి పోయిందే?” అనుకోవచ్చు. అది ఊరిమాట, అందులో చనువూ ఉంటుంది. కథకుడు తన సొంత వాక్యంలో దొరసానికి ‘వచ్చారు’, కూలిమనిషికి ‘వచ్చింది’ అని రాస్తే ఆ తేడాను వ్యాకరణం మీదికి నెట్టలేం. ఇద్దరికీ ‘వచ్చింది’ అనొచ్చు, ఇద్దరికీ ‘వచ్చారు’ అనొచ్చు. రెండు దారులూ తెలుగులో ఉన్నాయి.

‘ది’ మనకు వారసత్వంగా వచ్చింది. ‘రు’ ఎవరికి పెట్టాలో తేల్చుకునేది మాత్రం రాసేవాళ్లే. విమర్శ అడగాల్సింది వాళ్లను.