హిరణ్యకశిపుడి ఒడి

చదువు బాగా వంటబట్టిందన్న నమ్మకంతో గురువులు చండామార్కులు ప్రహ్లాదుణ్ణి ముందు తల్లి దగ్గరికి తీసుకువెళతారు. ఆమె ముస్తాబు చేస్తే సభకు నడిపించుకొస్తారు. అక్కడ హిరణ్యకశిపుడు చేతులు చాచి కొడుకును గట్టిగా కౌగిలించుకుంటాడు, తొడమీద కూర్చోబెట్టుకుంటాడు. సంస్కృత భాగవతంలో ఈ ఘట్టం క్లుప్తంగా ఉంటుంది. తండ్రి కౌగిలించి, ఒడిలోకి తీసుకుని, తల మూర్కొని, కన్నీళ్లతో తడుపుతాడు, అంతే. దాన్ని తెలుగు చేసిన పోతనకు అది చాలలేదు. ముంగురులు దువ్వించాడు, గడ్డం పుణికించాడు, బుగ్గ మీద ముద్దు పెట్టించాడు. ఇదంతా ఒక్క వచనంలో, ఊపిరి తిప్పుకోనివ్వని ఒకే వాక్యంలో జరుగుతుంది. ముల్లోకాలనూ గడగడలాడించినవాడు ఆ వాక్యం నడిచినంతసేపూ ఒక పిల్లవాడి తండ్రి, అంతకుమించి మరేమీ కాదు.

ఆ తర్వాత అడిగే ప్రశ్న కూడా పోతన మార్చి రాసుకున్నదే. మూలంలో రాజు, నేర్చుకున్నదాంట్లో మంచిదేదో చెప్పమంటాడు. తెలుగులో, ఒక పద్యం చదివి దాని అర్థతాత్పర్యాలు వివరించమంటాడు. నీ తోటి పిల్లలు అన్నీ చెప్పగలుగుతున్నారే, నువ్వెప్పుడు నేర్చుకుంటావు అని పోలిక తెస్తాడు. ఆ వెంటనే కొడుకునే కన్నతండ్రీ అని బుజ్జగిస్తాడు. చుట్టాల ముందు పిల్లవాడి చేత పద్యం చెప్పించి మురిసిపోయే ప్రతి తెలుగు తండ్రీ ఈ రాక్షసుడిలో తనను చూసుకోగలడు.

పోతన ఇంత శ్రమ ఎందుకు తీసుకున్నాడు? హిరణ్యకశిపుణ్ణి ఉత్త క్రూరుడిగా నిలబెడితే కొడుకు భక్తి తండ్రి నుంచి పారిపోవడంలా కనిపించేది. ఇంట్లో దొరకని ప్రేమను పిల్లవాడు దేవుడి దగ్గర వెతుక్కున్నాడని సరిపెట్టుకునేవాళ్లం. పోతన ఆ దారి మూసేశాడు. ఈ పిల్లవాడికి తండ్రి ప్రేమ నిండుగా అందింది. అందుకే అతని మాటకు అంత ఖరీదు.

జవాబుల కూర్పు చూడండి. మొదటి జవాబు కందపద్యం. కందానికి నాలుగు పాదాలూ కలిపితే 64 మాత్రలు, పసివాడి నోటికి సరిపోయే కొలత. గురువులు నన్ను చదివించారు, ధర్మార్థ శాస్త్రాలు చదివాను, చదువుల సారమూ గ్రహించాను అని చెప్పి, తండ్రీ అని పిలిచి ముగిస్తాడు. హిరణ్యకశిపుడి చెవికి అది పరీక్ష నెగ్గిన కబురు. ఆ సారం ఏమిటో మాత్రం తర్వాతి మత్తేభంలో బయటపడుతుంది. నవవిధ భక్తి అంతా ఆ పెద్ద వృత్తంలో బారులు తీరుతుంది. చిన్న పద్యంలో తండ్రిని సంతోషపెట్టి, పెద్ద పద్యంలో ఆ సంతోషాన్ని కూల్చేశాడు కవి. స్తంభం దగ్గర ఇదే పనితనం తిరగబడుతుంది. అక్కడ భగవంతుడి సర్వవ్యాపకత్వాన్ని ముందు మత్తేభంలో పరిచి, తర్వాత కందంలోకి కుదించాడు. ఆ కందమే ఇవాళ్టికీ బడికి వెళ్లని పిల్లలకు కూడా నోటికొస్తుంది. దేవుడు ఎక్కడుంటాడన్న ప్రశ్నకు మనలో చాలామందికి మొదట అందిన జవాబు అదే, అదీ అమ్మమ్మో తాతయ్యో చెప్పగా.

కొడుకు మాట విన్న తండ్రికి మొదట తట్టేది, ఎవరో వీడి మనసు చెడగొట్టారని. గురువులను నిలదీస్తాడు. ఈ బుద్ధి నీకెవరు నేర్పారని పిల్లవాణ్ణి అడుగుతాడు. ప్రహ్లాదుడు సంసారంలో కూరుకుపోయినవాళ్లకు హరిభక్తి ఎందుకు అబ్బదో చెబుతాడే తప్ప, పేరు చెప్పడు. పాఠకుడికీ ఆ పేరు అప్పుడే తెలియదు. చాలా తర్వాత, గురువులు ఇంటిపనుల మీద వెళ్లిన సమయంలో, తోటి పిల్లలు అడుగుతారు. మనందరిదీ ఒకే బడి కదా, నీకిదంతా ఎక్కడిదని. అప్పుడు చెబుతాడు. హిరణ్యకశిపుడు మందరగిరిలో తపస్సు చేస్తున్న రోజుల్లో ఇంద్రుడు రాక్షసుల నగరాన్ని కొల్లగొట్టి, నిండు గర్భిణి అయిన తన తల్లి లీలావతిని ఈడ్చుకుపోయాడు, పుట్టబోయే బిడ్డను చంపాలని. నారదుడు అడ్డుపడి విడిపించి, ఆమెను తన ఆశ్రమంలో ఉంచి ధర్మమూ జ్ఞానమూ బోధించాడు. కడుపులోని బిడ్డ విన్నాడు.

తండ్రి ఊరంతా వెతుకుతున్న జాడ అతని అంతఃపురంలోనే ఉంది. ఆ పిల్లవాణ్ణి ముస్తాబు చేసి పంపిన చేతుల్లో ఉంది. ఈ సంగతిని కొడుకు తండ్రికి చెప్పలేదు, కవి మాత్రం మనకు చెప్పాడు. దేవుడంటే మనిషి పెద్దది చేసి చూసుకున్న తండ్రి రూపమేనని 20వ శతాబ్దంలో ఫ్రాయిడ్ వాదించాడు. పోతన ప్రహ్లాదుడి దగ్గర ఆ వాదం నిలవదనుకుంటాను. ఇతని దేవుడు తల్లి భయంలోంచి, ఆ భయం మీద పడిన ఒక అభయంలోంచి వచ్చాడు. లీలావతి మాత్రం చాలాకాలం కావడం వల్ల, ఆడది కావడం వల్ల అదంతా మరిచిపోయిందట. మూలంలోని ఆ మాటను పోతన అలాగే ఉంచాడు. నాకది రుచించదు. అన్ని నెలలు బిడ్డను మోస్తూ విన్న తల్లికి ఇంకొంచెం న్యాయం చేయవలసింది.

హరిభక్తి మానని కొడుకును తండ్రి శిక్షించే ఘట్టంలో ఒక ఉత్పలమాల ఉంది. రాక్షసభటులు శూలాలతో పొడుస్తుంటే ప్రహ్లాదుడు ఏం చేశాడో ఆ పద్యం చెప్పదు, ఏం చేయలేదో చెబుతుంది. లేచి పరుగెత్తడు, చేతులు అడ్డుపెట్టుకోడు, చుట్టాల మధ్య దూరడు, తండ్రిని నిందించడు, స్నేహితులను పిలవడు, తల్లులుండే బంగారు మేడలోకి జారుకోడు. అన్నీ వ్యతిరేక క్రియలే. ఒక్కొక్క క్రియ చదువుతున్నప్పుడు మామూలు పిల్లవాడెవడో అమ్మ కోసం పరుగెత్తడం ముందు కళ్లకు కడుతుంది, ఆ వెంటనే చెరిగిపోతుంది. తండ్రిని నిందించడన్న మాటను ఆ వరుసలో ప్రత్యేకించి ఎత్తిచూపకుండా కలిపేసిన నేర్పుకు చేతులు జోడించాలనిపిస్తుంది.

పోతన పెరిగిన ఇల్లు కూడా ఇక్కడ తలుచుకోవాలి. బమ్మెరలో శైవకుటుంబం, తండ్రి కేసన, తల్లి లక్కమాంబ. అవతారికలో తల్లిని సదాశివుడి పాదాలు అర్చించే ఇల్లాలిగా, దీనుల దిగులు పోగొట్టే తల్లిగా కీర్తించాడు. భాగవతం తెలిగించమని రాముడు కనిపించి చెప్పిన వేళ తాను చేస్తున్నది మహేశ్వరధ్యానమని కూడా రాసుకున్నాడు. అమ్మ పూజించిన శివుణ్ణి వదలకుండానే రాముణ్ణి అందుకున్నాడు. చేతులారా శివపూజ చేయాలి, నోరారా హరిని కీర్తించాలి అన్న అవతారిక పద్యం ఆ ఇంటి పెంపకమే. ప్రహ్లాదుడి గుణాలు వర్ణించే సీసంలో, తల్లిదండ్రుల్లాగా దీనులను కాపాడాలని ఆలోచించేవాడన్న మాట వస్తుంది. అది రాస్తున్నప్పుడు లక్కమాంబ కవి కళ్ల ముందు మెదిలిందని నా నమ్మకం.

స్తంభంలోంచి వచ్చి హిరణ్యకశిపుణ్ణి చంపిన నరసింహుడి దగ్గరికి పోవడానికి లక్ష్మీదేవి కూడా భయపడినప్పుడు బ్రహ్మ ఈ బాలుణ్ణే పంపుతాడు. స్వామి అతని తల మీద చేయి వేస్తాడు. తండ్రి మూర్కొన్న తల అదే. వరం కోరుకోమంటే ప్రహ్లాదుడు కోరింది, నిన్ను ద్వేషించిన మా తండ్రిని పాపం నుంచి విడిపించమని. నీ తండ్రితో పాటు 21 తరాలు పవిత్రమయ్యాయని స్వామి చెబుతాడు. తర్వాత కొడుకు తండ్రికి ఉత్తరక్రియలు జరిపిస్తాడు.

తిరుమల తిరుపతి దేవస్థానం పోతన భాగవతాన్ని తాత్పర్యాలతో ప్రచురించింది. సప్తమ స్కంధం తీసి, స్తంభం దాకా ఆగకుండా, తండ్రి ఒడి దగ్గర మొదలుపెట్టి ఇంట్లో పిల్లలకు పైకి చదివి వినిపించండి. పద్యాలతో పాటు వచనాలు కూడా, ఒక్కటీ వదలకుండా.