‘ఉన్నట్టుంది’కీ ‘ఉంది’కీ మధ్య

తెలుగు మాధ్యమంలో చదువుకున్న వారందరూ ఎరిగిన పరీక్షప్రశ్న ఒకటుంది: ‘కింది వాక్యంలోని అలంకారాన్ని గుర్తించి, లక్షణం రాయండి.’ జవాబు రాసే పద్ధతి కూడా అందరిదీ ఒకటే. వాక్యంలో ‘వలె’ కనిపిస్తే ఉపమ. ‘ఓ అనునట్లు’ కనిపిస్తే ఉత్ప్రేక్ష. ఇవేవీ లేకుండా రెండు వస్తువుల పేర్లు సమాసంలో అతుక్కుని ఉంటే రూపకం. ఈ పద్ధతికి మార్కులు వస్తాయి. అయితే దీనితో మనం పట్టుకునేది అలంకారం వదిలివెళ్ళిన ఆనవాలును మాత్రమే. దగ్గు వినగానే క్షయ అని రాసే వైద్యుడు కొన్నిసార్లు సరిగ్గానే రాస్తాడు. అంతమాత్రాన అది రోగనిర్ణయం అనిపించుకోదు.

మన ఆలంకారికులు అడిగిన ప్రశ్న దీనికన్నా లోతైనది. పోలిక చెప్పే మనిషికి అసలు ఏమి తెలుసు? రెండు వస్తువులు వేరని తెలుసా, తెలియదా? తెలిసీ తెలియనట్లు మాట్లాడుతున్నాడా? సాదృశ్యం మీద ఆధారపడిన అలంకారాల విభజన చాలావరకు ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ ప్రశ్నను మరచిపోతే కావ్యపఠనంలోనూ, కావ్యం బయట కూడా నష్టం ఉందని నా అభిప్రాయం.

<b>రెండు వస్తువులు, ఎనిమిది మనఃస్థితులు</b>

అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో ఉండే తెలుగువారికి పరిచితమైన జంటనొకదాన్ని తీసుకుందాం: పెరట్లో కురిసిన మంచు, జ్ఞాపకంలో ఉన్న దూది.

‘మంచు దూదివలె తెల్లగా ఉన్నది’ అంటే ఉపమ. చెప్పేవాడికి రెండూ వేరని తెలుసు. ఆ తేడాను దాచడం లేదు. ‘పైన ఎవరో దూది ఏకుతున్నారో అన్నట్లు మంచు రాలుతున్నది’ అంటే ఉత్ప్రేక్ష. ఏకేవారెవరూ లేరని తెలిసే అలా ఊహిస్తున్నాడు. ‘మంచుదూది పెరడంతా పరచుకున్నది’ అంటే రూపకం. తేడా తెలుసు, కాని దాన్ని పక్కన పెట్టాడు. ‘ఇది మంచు కాదు, దూది’ అంటే అపహ్నుతి. ఉన్నదాన్ని తెలిసే కాదంటున్నాడు. మంచు ఊసే ఎత్తకుండా ‘పెరడంతా దూది’ అని ఊరుకుంటే రూపకాతిశయోక్తి. ఉపమేయాన్ని ఉపమానం మింగేసింది. ‘మంచు చూడగానే మా పత్తిచేను గుర్తుకొచ్చింది’ అంటే స్మరణం. ‘మంచా, దూదా?’ అంటే సందేహం. ఇక, ఊరినుంచి తొలిసారి వచ్చిన బామ్మ కిటికీలోంచి చూసి, దీపం వత్తులకు కాస్త ఏరుకు రమ్మని మనవణ్ణి పురమాయించిందని కవి వర్ణిస్తే భ్రాంతిమంతం.

ఈ ఎనిమిది చోట్లా వస్తువులు అవే రెండు. వాటిని కలిపే ధర్మాలు కూడా అవే: తెల్లదనం, మెత్తదనం. మారుతున్నదల్లా ఆ రెంటి గురించిన ఎరుక. ఉపమను ఒకే నటి వేర్వేరు భూమికల్లో కనిపించడంతో పోల్చిన అప్పయ్య దీక్షితుల ఉద్దేశం ఇలా చూసినప్పుడు స్పష్టమవుతుంది.

<b>శాస్త్రం గీసిన గీత</b>

భరతుడి నాట్యశాస్త్రంలో అలంకారాలు నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. 16వ శతాబ్దంలో అప్పయ్య దీక్షితులు కువలయానందం రాసేనాటికి ఆ సంఖ్య నూరు దాటింది. ఈ పెరుగుదలను పండితుల లెక్కల సరదాగా కొట్టిపారేసేవారున్నారు. కొన్ని భేదాల విషయంలో వారి విసుగు న్యాయమైనదే. అయితే సంఖ్యతో పాటు వర్గీకరణ కూడా పెరిగింది. 12వ శతాబ్దపు రుయ్యకుడు, ఆయన తరువాత 14వ శతాబ్దారంభంలో ఓరుగల్లు కాకతీయ ఆస్థానంలో ప్రతాపరుద్రీయం రచించిన విద్యానాథుడు, సాధర్మ్యం మీద నిలిచే అలంకారాలను మూడు గుంపులు చేశారు: భేదం ప్రధానమైనవి, అభేదం ప్రధానమైనవి, రెండూ సమంగా ఉన్నవి. వైద్యుడు రోగలక్షణాలను పైపైన జాబితా రాయడం మాని, అవి ఏ అవయవంలో పుట్టాయని అడగడం వంటి మార్పు ఇది.

ఈ చర్చలోనే ‘ఆహార్యం’ అన్న మాట ముఖ్యమైంది. నాటకంలో నటుడు తెచ్చిపెట్టుకునే వేషం ఆహార్యం. అలాగే, నిజం కాదని తెలిసీ బుద్ధిపూర్వకంగా తెచ్చిపెట్టుకున్న జ్ఞానం ఆహార్యజ్ఞానం. రూపకంలోని అభేదం ఆహార్యం. మంచు దూది కాదని చెప్పేవాడికి తెలుసు. భ్రాంతిమంతంలో బామ్మది ఆహార్యం కాదు. ఆమె నిజంగానే దూది అనుకుంది. అయితే ఆమెను అలా అనుకోనిచ్చిన కవికి నిజం తెలుసు, చదివే మనకూ తెలుసు. ముత్యపుచిప్పను వెండి అని భ్రమపడటం తర్కశాస్త్రానికి ఉదాహరణ అవుతుంది గాని అలంకారం కాదని ఆలంకారికులు అన్నది ఇందుకే. కవిప్రతిభలోంచి పుట్టిన భ్రాంతి, అందులో ఒక చమత్కారం ఉండాలి. అందుచేత ఈ అలంకారాన్ని గుర్తుపట్టాలంటే వాక్యంలో ఉన్న ఎరుకలెన్నో, ఏది ఎవరిదో లెక్కపెట్టవలసిందే.

<b>వాచకం చేసే మోసం</b>

ఉపమావాచకాన్ని నమ్ముకోవడం తెలుగులో మరీ ప్రమాదం. ‘వాన వచ్చేట్టుంది’, ‘నాన్నకు జ్వరం వచ్చినట్టుంది’ అన్న మాటల్లో ‘అట్టు’ ఉంది, పోలిక లేదు. అక్కడ ఉన్నది అనుమానప్రమాణం. మబ్బును బట్టి వానను, ఒంటి వేడిని బట్టి జ్వరాన్ని ఊహిస్తున్నాం. ‘అన్నలాగే తమ్ముడూ ఇంజనీరయ్యాడు’ అన్నదానిలో పోలిక ఉంది, అలంకారం లేదు. గవయమృగం ఆవులా ఉంటుందన్న ప్రసిద్ధ ఉదాహరణను ఆలంకారికులు ఉపమాలంకారం కింద లెక్కించకపోవడానికీ కారణం ఇదే. అది సమాచారం ఇస్తుంది, మనసును కదిలించదు. ఒకే ప్రత్యయం అనుమానానికీ, సమాచారానికీ, ఉపమకూ, ఉత్ప్రేక్షకూ పనికొస్తున్నప్పుడు, ప్రత్యయాన్ని చూసి పేరు పెట్టడం కుదరదు.

పేరు తప్పితే వచ్చే నష్టమేమిటి? భారతంలోని మయసభ ఘట్టం చూద్దాం. దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీరనుకున్నాడు, నీటిని నేలనుకుని అందులో పడ్డాడు. ఆ నేల నీటిలా మెరుస్తోందని అతడే మెచ్చుకుని ఉంటే అది ఉపమ. సభ అందం చెప్పి కథ ముందుకు సాగిపోయేది. అక్కడున్నది భ్రాంతి కనుకనే అతనికి పరాభవమైంది. ఆ పరాభవం ద్యూతానికి దారితీసిన అసూయకు ఆజ్యమైంది. మయుడి శిల్పవైభవాన్ని చెప్పడానికి వాడిన అలంకారమే ఇతివృత్తాన్ని నడిపింది. దీన్ని ‘చక్కని పోలిక’ అని చదివి దాటిపోయే పాఠకుడు, పతనానికి బీజం పడ్డ చోటును చూడకుండానే వెళ్ళిపోతాడు.

<b>కావ్యం బయట</b>

ఈ సంగతి నాకు గ్రంథాలకన్నా ఎక్కువగా వృత్తిలో బోధపడింది. ప్రవాసంలో ఉన్న తెలుగు కుటుంబాల్లో వృద్ధులు వైద్యుడితో మాట్లాడేది తరచు కొడుకో కూతురో చేసే అనువాదం ద్వారా. చూపు మందగించి, కాస్త మతిమరుపు మొదలైన ఒక పెద్దావిడ రాత్రిపూట పడకగది తెరను చూసి మూడు విధాలుగా మాట్లాడవచ్చు. ‘తెర దగ్గర మనిషి ఉన్నట్టుంటుంది.’ ‘మనిషో, తెరో తెలియడం లేదు.’ ‘తెర దగ్గర మనిషి ఉన్నాడు.’ ఈ మూడూ ఇంగ్లీషులోకి వచ్చేసరికి తరచు ఒకే వాక్యమవుతాయి: అమ్మకు మనిషి కనిపిస్తున్నాడు. వైద్యుడి కాగితంలో అది ‘హాలూసినేషన్’ అవుతుంది.

మొదటి వాక్యం పోలిక. ఆమె వివేచన చెక్కుచెదరలేదు. రెండవది సందేహం. మూడవది భ్రాంతి. దానిలోనూ, తెర అనే ఆధారం మీద కలిగిన భ్రమ వేరు, ఏ ఆధారమూ లేకుండా శూన్యంలో కనిపించడం వేరు. వైద్యశాస్త్రం మొదటిదాన్ని ‘ఇల్యూజన్’ అని, రెండవదాన్ని ‘హాలూసినేషన్’ అని విడదీస్తుంది. తాడులో పామును చూడాలంటే తాడు ఉండాలని మన తార్కికులు పట్టుబట్టినట్టే. ఉన్నవి లేనివి కనిపించడం లెవీ బాడీ డిమెన్షియాకు ప్రధానలక్షణాల్లో ఒకటి. ఇటువంటి రోగులకు కొన్ని యాంటీసైకోటిక్ మందులు తీవ్రమైన హాని చేయగలవు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ తరగతి మందుల వల్ల మరణావకాశం పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో హెచ్చరిక కూడా జారీచేసింది. అనువాదంలో రాలిపోయిన ఒక ‘అట్టు’ అంతదూరం తీసుకుపోగలదు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ‘గుండెలమీద బండ పెట్టినట్టుంది’ అన్న మాట తెలుగులో దుఃఖానికి అలవాటైన అలంకారం. పిల్లలు అది విని, నాన్నగారు ఊరిమీద బెంగపెట్టుకున్నారని సర్దుకోవచ్చు. అదే మాట గుండెకు రక్తం చాలనప్పుడు వచ్చే నొప్పికి అచ్చమైన వర్ణన కూడా. విలియం హెబర్డెన్ 1768లో ఆ నొప్పిని వివరించి ‘ఆంజైనా’ అని పేరు పెట్టినప్పుడు ఆయన ఎంచుకున్నదీ ఉపమానమే. ఆ లాటిన్ మాటకు మూలార్థం గొంతు నొక్కడం. నొప్పికి సొంతమాటలు తక్కువ. మంట, పోటు, సలుపు అన్నవి మినహాయిస్తే మిగిలినదంతా పోలికతోనే చెప్పాలి. అందుచేత నొప్పి చెప్పేవాడి నోట ఉపమ వినగానే అతిశయం అనుకోకూడదు. అదొక్కటే అతనికున్న అభిధ కావచ్చు.

<b>సమన్వయం</b>

మన పాఠ్యపద్ధతిలో దీనికి మందు లేకపోలేదు. అలంకారం గురించి రాసే జవాబుకు మూడు భాగాలుండేవి: లక్షణం, ఉదాహరణ, సమన్వయం. మొదటి రెండూ కంఠస్థం చేయవచ్చు. సమన్వయం చేయాలంటే ఆ వాక్యంతో కాసేపు కూర్చోవాలి. పోల్చినవి ఏవి, కలిపిన ధర్మమేది, మాట్లాడేవాడికి తేడా తెలుసా, సూటిగా చెప్పక ఇలా ఎందుకు చెప్పాడు అని నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. పేరు వాటి తర్వాత వచ్చేది. పేర్లు తారుమారైనా ఈ నాలుగింటికీ జవాబు చెప్పగలిగిన విద్యార్థి, నూరు లక్షణశ్లోకాలు వల్లించగలిగినవాడికన్నా మంచి పాఠకుడు.

ఇక్కడి ఊళ్ళలో వారాంతాల్లో తెలుగు బడులు నడుపుతున్న మిత్రులకు ఒక మనవి. పిల్లలకు అలంకారాల పట్టికలు ఇచ్చే ముందు, ‘ఉంది’, ‘ఉన్నట్టుంది’, ‘ఉందేమో’, ‘ఉందా?’ అన్న నాలుగు మాటలకూ తేడా చెప్పించండి. ఎవరి నోట, ఏ సందర్భంలో అన్నారో అడగండి. పెద్దయ్యాక వారు కావ్యాలు చదువుతారో లేదో చెప్పలేం. అమ్మమ్మ మాటను డాక్టరుకు అనువదించి చెప్పవలసిన రోజు మాత్రం వారిలో చాలామందికి వస్తుంది.