మునిగిన లోయ, మిగిలిన శిలలు: నాగార్జునకొండ ప్రదర్శనశాల

నాగార్జునకొండ ప్రదర్శనశాలను శిల్ప సౌందర్య దృష్టితో మాత్రమే పరిశీలించడం అసంపూర్ణం. 1926లో వెలుగుచూసిన ఈ ఇక్ష్వాకుల రాజధానిలో, సాగర్ జలాశయం కారణంగా 1954–60 మధ్య విస్తృతంగా తవ్వకాలు జరిగాయి. దీవిగా మిగిలిన కొండపై 1966లో ప్రదర్శనశాల ఏర్పడింది.

మహాచైత్యానికి నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలుండేవి. వాటి శాసనాలు చాంతిసిరి మొదలైన రాజకుటుంబ స్త్రీల దానాలను పేర్కొంటాయి. చైత్యం నుంచి విడదీసి చూస్తే శాసన పాఠం దక్కుతుంది గాని, స్తంభం ఏ దిక్కున నిలిచిందన్న అర్థం జారిపోతుంది. అష్టభుజస్వామి ఆలయం వంటి బౌద్ధేతర నిర్మాణాలకు విహారాలతో గల సామీప్యం కూడా స్థల పటంలోనే తెలుస్తుంది.

మూలస్థలం నీట మునిగింది. సరిచూసుకొనే వీలు లేదు. కనుక ప్రతి శిలనూ తవ్వకాల నివేదికతో కలిపి చదవడం పరిశోధకుని ప్రథమ బాధ్యత.